సగం దిగిన బోణీ

కొన్నాళ్లపాటు నా కంప్యూటర్లో తెరుచుకోని ఫైలు ఒకటి ఉండేది. పేరు చివర ఉండాల్సిన అక్షరాల బదులు దానికి ఏదో పొడుగాటి తోక. పక్కన బొమ్మ ఉండదు, ఖాళీ తెల్లకాగితం గుర్తు ఉంటుంది. నొక్కితే, దీన్ని దేనితో తెరవమంటావని నన్నే అడిగేది. నాకు తెలిస్తే నేనే తెరుచుకునేదాన్ని. అది మా అమ్మ ఆఖరిరోజు పొద్దున. డౌన్‌లోడు మధ్యలో తెగి, పూర్తిగా దిగలేదు.

సగం దిగిన ఫైళ్లు నాకు కొత్తేమీ కాదు. నంద్యాలలో మా ఇంటి ముందుగదిలో కూర్చుని అంగళ్లవాళ్లకు జీఎస్టీ లెక్కలు కట్టడం నా పని. ఎవరో ఒకరు పంపిన బిల్లుల మూట దిగుతూ దిగుతూ చివర్లో నిలబడిపోతుంది. నేను దానితో బేరమాడతాను. ఆపుతాను, మళ్లీ నొక్కుతాను. నువ్వు దిగితే ఎంత, దిగకపోతే ఎంత అన్నట్టు లేచి వెళ్లి మంచినీళ్లు తాగొస్తాను. అంగట్లో పెరిగినదాన్ని, బేరం తెగనప్పుడు లేచి నాలుగడుగులు వేస్తే వెనక్కి పిలుస్తారని మాటలు రాకముందే నేర్చుకున్నాను. కంప్యూటరు నన్ను ఒక్కసారీ పిలవలేదు. నేనూ లేచి వెళ్లడం మానలేదు.

మాది ఆళ్లగడ్డలో స్టీలు సామాన్ల అంగడి. నాయన పెట్టాడు. ఆయన పోయాక తమ్ముడు చూసుకుంటున్నాడు. పొద్దున షట్టరు ఎత్తేది తమ్ముడే అయినా, బోణీ అయ్యేదాకా గల్లా ముందు కూర్చునేది మాత్రం అమ్మ. మొదట మెట్లెక్కిన మనిషి వట్టిచేతులతో దిగిపోతే ఆ రోజంతా వ్యాపారం అట్లాగే పోతుందని అన్ని అంగళ్లలోనూ అనుకుంటారు. బిందె కోసం వచ్చి ధర కుదరకపోతే గరిటె అయినా, కనీసం ఒక చెంచా అయినా చేతిలో పెట్టి పంపుతారు. అమ్మ చెంచాతో సరిపెట్టుకునే రకం కాదు. బిందె కోసం వచ్చినవాళ్లకు బిందే అమ్మాలి, అదీ తను అనుకున్న ధరకు. బోణీ వేళ అయితే తగ్గిస్తారని లెక్కేసుకుని వచ్చే గడుసువాళ్లు ఉంటారు. వాళ్ల దగ్గరా అంతే. ధర ఒక్కసారి చెప్పేది. వస్తువును వాళ్ల చేతికిచ్చి, తను వీధివైపు తిరిగి కూర్చునేది. మళ్లీ వాళ్ల చేతిలోంచి తీసుకునేది కాదు. బిందె పట్టుకుని మనిషి ఎంతసేపని నిలబడగలదు? చివరికి కొనేది. అమ్మ ఆ దుడ్లు కళ్లకద్దుకుని గల్లాలో వేసి, చెప్పులేసుకుని ఇంటికి వెళ్లిపోయేది. మిగతా రోజు అమ్మకాలతో ఆమెకు సంబంధం లేదు.

ఆ రోజు ఆమె ఎప్పటికన్నా ముందే ఇంటికొచ్చిందట. ఒళ్లు బాగలేదని మంచమెక్కింది. మధ్యాహ్నం తమ్ముడి భార్య కాఫీకి లేపబోతే లేవలేదు.

నాకు ఏడుపు రాలేదు. నంద్యాల నుంచి కారులో వెళ్తున్నప్పుడూ రాలేదు, చూసినప్పుడూ రాలేదు. పూలమాలలు తెచ్చినవాడు వాకిట్లో నిలబడి ధర చెబితే, ఇంత వాడిన పూలకు అంతా అని నా నోరు దానంతటదే బేరం మొదలుపెట్టింది. అతను తగ్గించాడు కూడా. గుంపులోంచి తమ్ముడి భార్య నన్ను చూసిన చూపు నాకు గుర్తుంది. బాగా తగ్గించానని మెచ్చుకునే చూపు కాదది.

ఏడుపు బదులు నాకు ఇంకొకటి పట్టుకుంది. కర్మల మధ్యలో ఒకరోజు వంటింట్లో కూర్చుని ఉన్నప్పుడు తమ్ముడి భార్య నెమ్మదిగా అంది.

"ఆ పొద్దు అత్త బోణీ చేసే వచ్చిందో, చేయకుండానే వచ్చిందో తెలీదు వదినా. నేను అడగలా. మొగం అదోమాదిరి ఉండె."

తమ్ముణ్ణి అడిగాను. అతను వెనక గోడౌన్లో సరుకు దించుకుంటున్నాడట. ముందుకొచ్చేసరికి కుర్చీ ఖాళీ. ఇంటికి పోయింటాదిలే అనుకున్నాడు. గల్లా సంగతి అడిగితే, కబురు రాగానే ఉన్నదంతా సంచిలో వేసుకుని పరిగెత్తానని, అందులో కొత్త నోటు ఏదో పాత నోటు ఏదో ఎవరు చూశారని అన్నాడు. బోణీ బేరానికి బిల్లు రాయకూడదని మా ఇంటి పద్ధతి. జీఎస్టీ లెక్కలు కట్టే మనిషిని, ఈ మాట నేను గట్టిగా చెప్పకూడదు. కాబట్టి బిల్లుల్లోనూ దొరకదు.

పెళ్లయి వచ్చిన దగ్గరనుంచి అమ్మ బోణీ తప్పిన రోజు లేదు. ఆఖరిరోజు తప్పిందా, లేదా? ఇది తెలిస్తే ఏమవుతుందని నన్ను అడిగితే చెప్పలేను. తెలియాలి, అంతే. తలలో ఇంకేమీ ఉండేది కాదు. తెల్లగా, తుడిచిన పలకలా ఉండేది. దాని మీద ఈ ఒక్క ప్రశ్న.

అంగట్లో కెమెరా ఉందని అప్పుడు గుర్తొచ్చింది. కుక్కర్లు మాయమవుతున్నాయని తమ్ముడు పెట్టించాడు. అమ్మకు అది నచ్చలేదు. దొంగలు గోడ దూకి రారు, బేరం చేస్తా మెట్లెక్కే వస్తారని తిట్టింది. గల్లాకు ఎదురుగా, వీధివైపు, పైకప్పుకు బిగించిన గుండ్రటి కెమెరా అది. మాట వినపడదు, బొమ్మ ఒక్కటే. తమ్ముడి ఫోన్లో ఇప్పుడు జరిగేది మాత్రమే కనిపిస్తుంది. జరిగిపోయింది కావాలంటే కంప్యూటర్లోకి దించుకోవాలి. ఇంట్లో కంప్యూటరు తెలిసినదాన్ని నేనొక్కదాన్నే కనుక, కెమెరాలు బిగించే ఆయన ఆ ప్రోగ్రాం నంద్యాలలో నా దాంట్లో వేసిపోయాడు.

పెద్దకర్మ అయ్యి, తమ్ముడు మళ్లీ అంగడి తెరిచాక నంద్యాల వచ్చి కంప్యూటరు ముందు కూర్చున్నాను. ప్రోగ్రాంలో ఒక క్యాలెండరు ఉంది. రికార్డు ఉన్న రోజులు నీలంగా ఉన్నాయి, లేనివి తెల్లగా. అమ్మ ఆఖరిరోజు నీలంగా ఉంది. దాని తర్వాత అంగడి మూసిన రోజులన్నీ తెలుపు. ఆ నీలం మీద నొక్కి పొద్దున వేళ ఎంచుకున్నాను. నాకు కావాల్సింది ఓ పావుగంట. అది గంటకు గంట మూటగానే ఇస్తానంది. చిల్లర అమ్మకం లేదు, హోల్‌సేలే. సరే ఇవ్వమన్నాను.

దిగడం మొదలైంది. ఎంత నెమ్మదిగా అంటే, ఆ గీత కదిలిందో లేదో చూడ్డానికి కాగితం అంచు తెరకు ఆనించి గుర్తు పెట్టుకున్నాను. కెమెరా ఆయనకు ఫోన్ చేస్తే, మీ అంగడి నెట్టు లోపలికి బేగా తెచ్చుకుంటాదక్కా, బయటికి పంపాలంటే నత్త మాదిరి పంపుతాది అన్నాడు. మా ఇంటి రక్తమే అంత. తెచ్చుకోవడంలో ఉన్న చురుకు ఇవ్వడంలో ఉండదు.

మధ్యాహ్నం కరెంటు పోయి ఒకసారి తెగింది. మళ్లీ నొక్కాను. దిగినంత దిగింది కదా, మిగిలింది తెచ్చుకుంటే చాలని నా లెక్క. లారీలోంచి సగం సరుకు దించాక వాన వస్తే, దించిన సరుకును ఎవరూ మళ్లీ లారీ ఎక్కించరు. కానీ అది మొదటినుంచి మొదలుపెట్టింది. పాత ముక్క పాత ముక్కలాగే పక్కన పడి ఉంది, దేనికీ పనికిరాకుండా. మర్నాడు పొద్దున్నే మొదలుపెట్టాను. సగం దాటింది, ఇంకొంచెం దాటింది. సాయంత్రానికి టక్కున ఆగిపోయింది. తమ్ముడు అంగడి కట్టేసి మెయిన్ ఆపాడు.

నాయన కాలంలో పక్కనున్న బట్టల అంగడి రాత్రికి రాత్రి కాలిపోయింది. అప్పటినుంచి మా అంగట్లో మూసేటప్పుడు మెయిన్ ఆపాల్సిందే. మెయిన్ ఆపడం, షట్టరు దించడం, తాళం వేసి లాగి చూడడం, గడపను ముట్టుకుని కళ్లకద్దుకోవడం. ఈ వరుస మారదు. మర్నాడు మళ్లీ దించడం మొదలుపెట్టి, తమ్ముడికి ఫోన్ చేశాను.

"ఒరే, ఈ ఒక్కపూటకి మెయిన్ ఆపొద్దురా."

"ఆపకుండా యెట్లక్కా? కాలితే?"

"ఇన్నేళ్లలో మనది ఎప్పుడన్నా కాలిందా?"

"ఆపుతాండాం కాబట్టే కాలలేదు."

 బతిమాలాను, అమ్మ పేరు చెప్పాను. చివరికి ఒప్పుకున్నాడు. మర్నాడు చూస్తే గీత మళ్లీ నిన్నటి సాయంత్రం దగ్గరే చచ్చిపోయి ఉంది. ఫోన్ చేస్తే, నిజంగా ఆపకూడదనే అనుకున్నాడట, కానీ చెయ్యి దానంతటదే పోయిందట. ఇంటికెళ్లి అన్నం ముందు కూర్చున్నాక గుర్తొచ్చిందట. మళ్లీ వెళ్లి వేసి రావచ్చు కదా అన్నాను.

"తాళం యేసినాక మళ్లా పొద్దున్నే గదక్కా తీసేది. మధ్యలో యెవురన్నా తీస్తారా?"

తీయరు. నేనున్నా తీయను. లక్ష్మిని లోపల పెట్టి తాళం వేశాక మధ్యలో తీయరు. కోపం రావాల్సిన చోట నాకేమీ రాలేదు. సరేలే అని పెట్టేశాను.

ఇట్లా కొన్ని రోజులు గడిచాక క్యాలెండరులో ఒక సంగతి గమనించాను. పాత చివర్న నీలంగా ఉన్న రోజులు తెల్లబడుతున్నాయి. అంగడి తెరిచిన ప్రతి రోజూ ఈ చివర్న ఒక నీలం గడి పుడుతుంది, ఆ చివర్న ఒకటి పోతుంది. కెమెరా ఆయన్ని అడిగితే ఒక్క ముక్కలో చెప్పాడు. అంగట్లో కెమెరా రికార్డు దాచే డబ్బా ఉంది కదా, దాంట్లో పట్టేది కొన్ని రోజుల సరుకే, నిండాక పాతదాని మీదే కొత్తది రాసుకుంటుంది. మూసి ఉన్నన్నాళ్లూ ఏమీ రాసుకోలేదు కాబట్టి అమ్మ భద్రంగా ఉంది. తెరిచిన దగ్గరనుంచి ఒక్కొక్క రోజు వ్యాపారమూ ఒక్కొక్క రోజును తినుకుంటూ ఆమె వైపు వస్తోంది.

అంగడి తెరిస్తే తప్ప ఫైలు దిగదు. తెరిస్తే చెరిగిపోతుంది. ఇంత గట్టి బేరగాణ్ణి నేను ఎప్పుడూ చూడలేదు.

కెమెరా ఆయన్నే వచ్చి తీసివ్వమన్నాను. ఆయన వెలుగోడు వైపు ఏదో మిల్లులో కెమెరాలు బిగించే పనిలో ఉన్నాడు. అది అయ్యాక వచ్చి, డబ్బాలోంచి నేరుగా పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇస్తానన్నాడు. అంతవరకు అంగడి మూసిపెట్టమని తమ్ముణ్ణి అడిగాను. పెళ్లిళ్ల కాలం. కొత్త కాపురాలకు సామాను కట్టించుకునేవాళ్లు అహోబిలం రోడ్డు పల్లెలనుంచి బండ్లు కట్టుకుని వస్తారు. మా షట్టరు దించి ఉంటే ఎదురంగడికి పోతారు, ఒకసారి పోయినవాళ్లు వచ్చే పెళ్లికీ అక్కడికే పోతారు. ఇవన్నీ నాకు తెలిసినవే. అయినా అడిగాను. నాలుగు రోజులన్నాను, మూడన్నాను, పోనీ పొద్దున పూట మూసి మధ్యాహ్నం తెరవమన్నాను. తమ్ముడు చాలాసేపు విని ఒక మాటన్నాడు.

"అమ్మ ఉంటే మూయనిచ్చేదా?"

బేరంలో ఇది అన్యాయం. చచ్చిపోయిన మనిషిని తెచ్చి తక్కెడలో వేస్తే అవతలివాళ్లు ఏం వేస్తారు? మెయిన్ ఆపొద్దని బతిమాలిన రోజు నేనూ అదే పని చేశాను కాబట్టి గట్టిగా అనలేకపోయాను.

ఆ డబ్బా ప్లగ్గు పీకేద్దామా అని ఇద్దరమూ అనుకున్నాం. బిగించిన రోజే ఆయన దాన్ని ముట్టుకోవద్దు, వైర్లు కదిలిస్తే అంతా పోతుందని చెప్పి వెళ్లాడు. రోజూ సాయంత్రం మెయిన్ ఆపి దాని ఊపిరి తీస్తున్నవాళ్లమే, దాని ప్లగ్గు ఒక్కటీ పీకాలంటే మాత్రం భయపడ్డాం. తమ్ముడు ఆయనకు ఫోన్ చేశాడు. ఆయన బండి మీద ఉన్నాడట, గాలి హోరులో, వస్తానన్నా, అంతవరకు రికార్డు కాకుండా చూసుకో అని పెట్టేశాడట.

ఆ మధ్యాహ్నం తమ్ముడు నాకు ఫోన్ చేశాడు. గొంతులో చాలా రోజుల తర్వాత కొంచెం హుషారు ఉంది.

"అయిపోయిందిలేక్కా. ఇంక నీకు భయం లేదు."

"ఏందీ, ఏం చేసినావు?"

"గిన్నె బోర్లించినా."

"దేని మీద?"

"కెమెరా మీద. కొలత చూసి, అరలోంచి కొత్తది తీసి పెట్టినా. తాడేసి కట్టినా, కదల్దు. ఇంక దానికి ఏం కనపడదు. కనపడకపోతే యేం రాసుకుంటాది?"

నేను ప్రోగ్రాం తెరిచి చూశాను. ఇప్పుడు జరిగేది చూపించే చోట తెర నల్లగా ఉంది. అంగడి తెరిచే ఉంది, కెమెరా కళ్లు మూసుకుంది. వ్యాపారం పోలేదు, అమ్మ పోలేదు. ఇద్దరికీ నష్టం లేని బేరం, నేను ఇంతకాలంలో చూసిన వాటిలో మంచిది. నీకు నాయన తెలివి వచ్చిందిరా అన్నాను. మా ఇంట్లో అంతకన్నా పెద్ద మెప్పు లేదు.

అప్పుడే రిటర్నుల గడువు దగ్గరపడింది. అందరూ ఒకేసారి బిల్లులు పంపారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అంకెలు. ఏమీ అనిపించకపోవడానికి అంకెలంత మంచి చోటు లేదు. క్యాలెండరు వైపు చూడలేదు. చూడాల్సిన పని లేదు కదా, గిన్నె ఉంది.

కెమెరా ఆయన వస్తున్నాడని కబురు రాగానే బస్సెక్కాను. శిరివెళ్ల దాటాక కిటికీ పక్కన ఎవరో సగం తిన్న జామకాయ ఉంది, దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఆళ్లగడ్డలో దిగేసరికి రాతిపనివాళ్ల ఉలి చప్పుడు. రోడ్డు పక్కన ముఖాలు చెక్కని విగ్రహాలు నిలబెట్టి ఉన్నాయి. ఎప్పుడూ ఉండేవే. అంగట్లో అమ్మ కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. పళ్లేల కట్టలు పెట్టారు.

కెమెరా ఆయన మా తమ్ముడి వయసువాడే. స్టూలెక్కి పైకి చూసి, అట్లాగే నిలబడిపోయాడు.

"ఇదేందన్నా?"

"నువ్వే చెప్తివి గదప్పా, రికార్డు కాకూడదని."

ఆయన స్టూలు దిగాడు. చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"గిన్నె పెడితే చీకటి రికార్డయితాదన్నా. దానికి ఎలుతురైనా ఒకటే, చీకటైనా ఒకటే. జాగా పట్టేది పడతానే ఉంటాది."

 ఒక ఆడమనిషి చట్నీ గిన్నెలు అడగడానికి మెట్లెక్కి, మా ముఖాలు చూసి పక్కన నిలబడింది. ఆయన చిన్న తెర ఒకటి డబ్బాకు తగిలించాడు. క్యాలెండరు వచ్చింది. అంగడి తెరిచిన తర్వాతి రోజులన్నీ నీలంగా ఉన్నాయి. దానికి ముందు ఏమీ లేదు. అంతా తెలుపు. ఆయన ఒక రోజు తెరిచాడు. నలుపు. ముందుకు జరిపాడు. నలుపు. నా కోసమనుకుంటా, ఇంకో రోజు కూడా తెరిచి చూపించాడు. గిన్నె అంచు సరిగా ఆనని చోట సన్నటి వెలుగు వంక కనపడింది, అంతే. మా కొత్త గిన్నె లోపలి చీకటి, గంటకొక మూటగా కట్టి, ఎక్కడా తెగకుండా, రోజుల తరబడి భద్రంగా ఉంది. అడిగితే అదైతే పూర్తిగా దిగేదేమో.

తమ్ముడు తాడు విప్పి గిన్నె దించాడు. టవలుతో లోపలా బయటా తుడిచి, మళ్లీ అరలో పెట్టాడు. మామూలుగా చేసే పనే, చేతులు చేశాయి. తర్వాత గల్లా అంచు పట్టుకుని నిలబడ్డాడు. పోయినదాన్ని మళ్లీ తీయొచ్చా అని అడిగాడు. హైదరాబాదుకు పంపి చూడొచ్చు, కానీ మీద ఇంత రాసుకున్నాక నమ్మకం లేదన్నాడాయన. ఎంతవుతుందని అడగాలన్న ఆలోచన నాకు అప్పుడు రాలేదు. బస్సులో వచ్చింది.

వెళ్లేముందు ఆయనే నన్ను అడిగాడు. దించబోయినప్పుడు తెగిపోయిన ముక్కలు ఏమన్నా ఉండాయా అక్కా, తీసెయ్యలేదు గదా అని. నేనెందుకు తీసేస్తాను? సొట్టపోయిన గిన్నెను కూడా పాత సామాను మార్పిడికి దాచే ఇంట్లో పుట్టాను. సగం దిగినవన్నీ ఒక్కటీ వదలకుండా ఉన్నాయి. అయితే ఇంకొక రకం ప్లేయరు వేసుకోమని, పూర్తిగా లేకున్నా వచ్చినంతవరకు అది చూపిస్తుందని చెప్పాడు.

నంద్యాల వచ్చిన మర్నాడు, ముందు ఒక బట్టల అంగడి రిటర్ను పంపాను. తర్వాత ఒక మందుల షాపుది. అప్పుడు ఆ ప్లేయరు వేసుకుని, ముక్కల్లో అన్నిటికన్నా పెద్దదాన్ని దాంట్లోకి లాగాను.

తెరుచుకుంది. నేను సిద్ధంగా లేను. ఏదో అడుగుతుందని, కాదంటుందని అనుకుంటున్నాను. నేరుగా అంగడి కనపడింది.

తమ్ముడు షట్టరు ఎత్తాడు. ముందర నీళ్లు చల్లాడు. దేవుడి పటాల ముందు ఊదొత్తులు తిప్పాడు, ఒకటి కిందపడితే తీసి మళ్లీ గుచ్చాడు. బిందెల వరుస బయటికి మోశాడు. చాలాసేపు ఇదే. తర్వాత అమ్మ వచ్చింది. చెప్పులు మెట్టు కింద వదిలి, గల్లాకు చెయ్యి తాకించి, కుర్చీలో కూర్చుంది. పైనుంచి చూస్తే నడినెత్తిన జుట్టు ఎంత పలచబడిందో కనిపించింది. ఎదురుగా కూర్చుని మాట్లాడేటప్పుడు ఎప్పుడూ కనపడలేదు. పమిటతో మెడ తుడుచుకుంది. చెమటో ఇంకేదో తెలీదు. తమ్ముడు వెనక్కి వెళ్లిపోయాడు.

ఒకావిడ మెట్లెక్కింది. చేతిలో గుడ్డసంచి. మెడ దగ్గర గీతలున్న బిందెను ఎత్తి, వేలి కణుపుతో కొట్టి చూసింది. ఏదో అడిగింది. అమ్మ పెదవులు ఒక్కసారి కదిలాయి. ధర చెప్పింది. ఆవిడ చాలా మాట్లాడింది, బిందె అడుగు తిప్పి చూపించింది. అమ్మ కుర్చీలో వీధివైపు తిరిగింది. అట్లా తిరిగితే ముఖం కెమెరాకు వస్తుంది. మామూలు ముఖం. ఎవరి కోసమో చూస్తున్నట్టు కాదు, బేరం ఆడే ముఖం. ఆవిడ ఇంకోసారి బిందెను చూసి, నడుమున పెట్టుకుని చూసుకుంది.

బొమ్మ అక్కడ నిలబడిపోయింది. అమ్మ చీర అంచు బూడిదరంగు గళ్లుగా పగిలి కింది వరకు జారింది. తర్వాత అంతా బూడిదే. గీతను ముందుకు లాగితే వెనక్కి వచ్చి అక్కడే ఆగేది.

మళ్లీ మొదటినుంచి చూశాను. తర్వాత చివరి భాగం ఒక్కటే చూశాను, చాలాసార్లు. గుండె కరుగుతుందేమోనని చూశాను, నిజం చెప్పాలంటే. నేను చూసింది మాత్రం ఆవిడ నడుమునే. నడుమున పెట్టుకున్నవాళ్లు కొంటారు. ఊరికే అడగడానికి వచ్చినవాళ్లు బిందెను చేతుల్లోనే తిప్పుతారు, నడుముకు తీసుకుపోరు. అంగడి లెక్కలో ముప్పాతిక బేరం తెగినట్టే. కానీ అమ్మ ముందే ఇంటికి వెళ్లింది. ఆ ఒంటితో, ఇంకో మాట చెప్పే ఓపిక లేక లేచి వెళ్లి ఉంటే, ఆవిడ బిందెను కింద పెట్టి దిగిపోయి ఉండవచ్చు. రెండూ సరిపోతాయి. రెండింటికీ ఆ బొమ్మలో చోటు ఉంది.

తమ్ముడికి ఫోన్ చేసి చూసింది చెప్పాను. అతను ఆ ఆడమనిషి ఎవరని అడగలేదు. యే బిందె అన్నాడు. గీతల మెడది, నడిమి సైజు అన్నాను.

"ఉండు, చూస్తా. పోయింటే బోణీ అయినట్టే గదా."

అది నాకు తట్టనే లేదు. ఫోన్ గల్లా మీద పెట్టి వెళ్లాడు. బిందెలు ఒకదానికొకటి తగిలే చప్పుడు వినపడింది. స్టూలు లాగిన చప్పుడు. నేను ఊపిరి బిగబట్టుకోలేదు. ఫోను చెవికి ఆనించి కూర్చున్నాను, అంతే.

"ఉండాదక్కా."

"అదేనా?"

"అట్లాంటిదే. అవి డజన్లు డజన్లు వస్తాయి గదా. ఒకటి పోతే నేనే పైనుంచి దించి ఆడ పెడతాంటా. ఆ పొద్దుది యేదో, ఇప్పుడుండేది యేదో…" అని ఆగాడు. తర్వాత, "ఒక్క నిమిషం, మనుషులొచ్చినారు," అన్నాడు.

ఫోను పెట్టేయలేదు. నేనూ పెట్టేయలేదు. ఎవరో ఇడ్లీపాత్ర ధర అడిగారు. తమ్ముడు చెప్పాడు. ఆమె సగానికి అడిగింది. మెట్లు దిగుతున్న చప్పుడు, తమ్ముడు పిలవడం, ఆమె వెనక్కి వచ్చి ఇంకొంచెం పెంచడం, అతను కుదరదనడం. నేనైతే అక్కడ ఇచ్చేసేదాన్ని. అతను ఇవ్వలేదు. ఆమె మళ్లీ వస్తానని వెళ్లిపోయింది. అతను మళ్లీ ఫోను తీసుకున్నాడు.

"యాడికొచ్చినాం?"

"ఏం లేదులేరా," అన్నాను. "ఈ నెల కొన్న బిల్లులు నువ్వు ఇంకా పంపలేదు."

"పంపుతాండా."

"ఒకటొకటే పంపు. అన్నీ ఒకేసారి పంపితే దిగవు."